దేవమాలి దారిలో నాలుగు రోజులు: కాలేజీలో కొత్తగా చేరినవాళ్ళ కొండయాత్ర

దేవమాలి శిఖరం దాకా బండి వెళ్తుంది. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన కొండ ఇదే, 1672 మీటర్లు. అయినా పైదాకా రోడ్డుంది, సెలవు రోజుల్లో కార్లు బారులు తీరి ఉంటాయి. సాహసం కావాలనుకునేవాళ్ళు ఈ కొండని చిన్నచూపు చూసేది అందుకే. కాలేజీలో అప్పుడే చేరిన పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని తీసుకెళ్ళడానికి మాత్రం కొరాపుట్ జిల్లాలో ఇంతకంటే అనువైన చోటు వెతకనక్కర్లేదు. ఒకరి చీలమండ బెణికినా, రాత్రిపూట ఇంకొకరికి ఆయాసం వచ్చినా బండి దాదాపు మనిషి దగ్గరికే వస్తుంది. ఆ ధీమా ఉంటే మిగతాదంతా నడకకి వదిలేయొచ్చు.

ఈ యాత్ర చేయాల్సిన పని ఒకటే. చదువు ఊపందుకునే లోపు కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ పేరు పెట్టి పిలిచే పదిమంది దొరకాలి. ఆ పని శిఖరం మీద జరగదు, అన్నం గిన్నె చుట్టూ జరుగుతుంది. అందుకే ఇక్కడ దృశ్యాల ముచ్చట తక్కువ. వంట, నీళ్ళు, పాదాల గొడవ ఎక్కువ.

పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ ఔటింగ్ క్లబ్ 1935 నుంచే కొత్త విద్యార్థులని తరగతులకి ముందు కొండలకి తీసుకెళ్తోంది. 1941లో కుర్ట్ హాన్ వేల్స్‌లోని అబర్‌డవీలో మొదలుపెట్టిన ఔట్‌వర్డ్ బౌండ్ బడి చిన్న జట్టు, నిజమైన పని, ఆ పని గురించి మాట్లాడుకోవడం అనే అచ్చుని ఖాయం చేసింది. మన దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలకి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ పెట్టిన మూడు వారాల ఇండక్షన్, అంటే కొత్తవాళ్ళని కాలేజీకి అలవాటు చేసే కార్యక్రమం ఉంది, అన్ని కాలేజీలకీ కలిపి యూజీసీ 2019లో తెచ్చిన అలాంటిదే దీక్షారంభ్ ఉంది. చుట్టుపక్కల ప్రదేశాలు చూపించడం ఇండక్షన్‌లో ఒక భాగం. చాలాచోట్ల ఒక గుడి, ఒక డ్యామ్ బస్సులో తిప్పి ఆ గడి నింపేస్తారు. అదే గడిలో ఈ నాలుగు రోజులూ పడతాయి.

బయలుదేరే ముందు

కౌన్సెలింగులు ముగిసి తరగతులు మొదలయ్యేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. సరిగ్గా అప్పుడే ఈ కొండల్లో వాన, పిడుగులు, జలగలు, మలేరియా. ఇండక్షన్ వారాల్లోనే కానివ్వాలని కొందరు పట్టుబడతారు. వాళ్ళ మాట వినకూడదు. ఆ వారాల్లో క్యాంపస్ పక్క గుట్ట మీదకి ఒక పూట నడిపిస్తే చాలు, పెద్ద యాత్ర నవంబరు రెండో వారానికి పెట్టుకోవాలి. అక్టోబరు కూడా నమ్మదగ్గ నెల కాదు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న, తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీకి ఒడిశాలోనే గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. నవంబరులో కూడా బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వాతావరణ శాఖ చెబితే యాత్ర వాయిదా వేయాల్సిందే. ఈ నిర్ణయం తీసుకునే మనిషి ఒక్కరే అని ముందే రాసిపెట్టుకోవాలి. నలుగురి చేతిలో పెడితే ఎవరూ వద్దనరు.

నలభైమంది పిల్లలైతే నాలుగు జట్లు. జట్టుకి పదిమంది, ఇద్దరు సీనియర్లు, వాళ్ళలో ఒకరు తప్పనిసరిగా అమ్మాయి. పన్నెండుమందికి మించితే జట్టు దానంతటదే రెండు ముక్కలవుతుంది, ఎనిమిదికి తగ్గితే ఒకరు జ్వరపడగానే పని సాగదు. ఇద్దరు అధ్యాపకులు, దారి తెలిసిన ఇద్దరు స్థానికులు, ఎప్పుడూ అందుబాటులో ఉండే ఒక బొలెరో. జట్లు కట్టేటప్పుడు ఒకే బ్రాంచి వాళ్ళని, ఒకే రూమ్‌మేట్లని, ఒకే ఇంటర్ కాలేజీ నుంచి వచ్చినవాళ్ళని విడదీయాలి. సరిహద్దు కాలేజీల్లో ఇంకో చీలిక ఉంటుంది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం తెలుగిళ్ళ పిల్లలు ఒక పక్క చేరతారు, ఒడియా పిల్లలు ఇంకో పక్క. జట్టులో అటు ఐదుగురు, ఇటు ఐదుగురు ఉండేట్టు చూడాలి. తొమ్మిదిమంది తెలుగువాళ్ళ మధ్య ఒక్క ఒడియా పిల్లని వేయడం అన్యాయం. ఆ పిల్ల నాలుగు రోజులూ నవ్వుతూ ఊరుకుంటుంది, అంతే.

ఆరోగ్య పత్రంలో ఉబ్బసం, మూర్ఛ, అలెర్జీల గురించి అందరూ అడుగుతారు. ఇక్కడ అడగాల్సింది ఇంకొకటుంది, సికిల్ సెల్, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే వంశపారంపర్య జబ్బు. దక్షిణ ఒడిశాలోనూ ఉత్తరాంధ్ర ఏజెన్సీలోనూ ఇది తక్కువేమీ కాదు. చలి, నీళ్ళు తాగకపోవడం, ఒక్కసారిగా ఎక్కువ శ్రమ, ఈ మూడూ నొప్పుల దాడిని రేపుతాయి, ఈ మూడూ కొండమీద ఉచితంగా దొరుకుతాయి. పిల్లలు దీన్ని దాచిపెడతారు, పేరు తీసేస్తారేమోనని. అందుకే ‘ఉన్నా రావచ్చు, డాక్టరు సరేనంటే బరువు లేకుండా నడుస్తావు, నీళ్ళు ఎక్కువ తాగుతావు, రాత్రి గ్రామంలో గదిలో పడుకుంటావు’ అని పత్రం మీదే రాయాలి. ఇన్‌హేలరు వాడేవాళ్ళు రెండు తెచ్చుకోవాలి, ఒకటి వాళ్ళ జేబులో, ఒకటి సీనియర్ సంచిలో.

కొరాపుట్ అటవీ డివిజన్ నుంచి అనుమతి, పోలీసు స్టేషన్‌కి పేర్ల జాబితా, విడిది చేసే గ్రామం పెద్దలతో ముందే ఒక మాట. అనుమతి కాగితం మూడు ప్రతులు తీసి మూడు సంచుల్లో పెట్టాలి. ఉన్న ఒక్క ప్రతీ ఎప్పుడూ వెనకబడిన బండిలోనే ఉంటుంది.

సంచుల తనిఖీ రెండు రోజుల ముందు చేయాలి, బయలుదేరే ఉదయం కాదు. బరువు మనిషి బరువులో ఆరో వంతు దాటకూడదు. 48 కిలోల పిల్లకి 8 కిలోలు. జీన్సు తీసేయించాలి. తడిస్తే ఆరదు, తొడలు ఒరుసుకుంటాయి. అప్పుడే కొన్న బూట్లు అసలు వద్దు. పదిహేను రోజులు వాడిన మామూలు స్పోర్ట్స్ షూస్ మేలు. మూడు జతల మేజోళ్ళు, ఒక స్వెటరు, గాలి దూరని జాకెట్, మంకీ క్యాప్, తలకి కట్టుకునే టార్చి, రెండు లీటరు సీసాలు, ఈల, పళ్ళెం, గ్లాసు. అమ్మాయిలందరి సంచిలో నెలసరి సామాను ఉండాలి, తేదీ దూరంగా ఉన్నా సరే. కొత్తచోటు, నడక కలిసి తేదీలు ముందుకి జరగడం మామూలే.

మొదటి రోజు, శుక్రవారం

చేరాల్సిన ఊరు సెమిలిగుడ. రాయగడ వైపు నుంచి వచ్చేవాళ్ళు కొరాపుట్ లైన్లో రైలెక్కి దమన్‌జోడిలో దిగి ఆటో పట్టుకుంటారు. సాలూరు, పార్వతీపురం వైపువాళ్ళు సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి మీదుగా 26వ నంబరు జాతీయ రహదారిలో బస్సులో వస్తారు. ఘాట్‌లో మలుపులెక్కువ. వాంతులయ్యేవాళ్ళు బస్సెక్కడానికి అరగంట ముందే మాత్ర వేసుకుని ముందు సీట్లలో కూర్చోవాలి, కడుపు ఖాళీగా ఉంచకూడదు. ఒక్క సంగతి తల్లిదండ్రులకి పంపే కాగితంలో పెద్దక్షరాలతో రాయాలి. విశాఖ–కిరండూల్ రైల్లో వచ్చే శిమిలిగుడ స్టేషను ఇది కాదు. అది అరకుకి ముందు, ఆంధ్రలో ఉంది. ఆ రైల్లో వచ్చేవాళ్ళు కొరాపుట్‌లో దిగాలి. పేరు చూసి టికెట్ తీసినవాళ్ళు అడవి మధ్య ప్లాట్‌ఫారం మీద నిలబడి ఫోన్ చేస్తారు.

శుక్రవారమే ఎందుకంటే ఆ రోజు కుందులి సంత. చుట్టుపక్కల కొండల నుంచి పరజ, కంధ, గదబ కుటుంబాలు కూరగాయలు, అల్లం, చోళ్ళు (రాగులు), చీపుళ్ళు తెచ్చి అమ్ముకునే పెద్ద సంత ఇది. జట్టుని జంటలుగా విడగొట్టి, జంటకి ఒక చీటీ, 200 రూపాయలు ఇస్తారు. ప్రతి జంటలో ఒక తెలుగు, ఒక ఒడియా. చీటీలో రెండు పూటల కూర, ఒక తెలియని వస్తువు, గంట సమయం. తెలియని వస్తువు దగ్గర అడగాలి, అడగాలంటే ఇక్కడి ఒడియా యాస దేశియా మాట్లాడేవాళ్ళతో ఎలాగోలా మాట కలపాలి. పొట్టంగి వైపు నుంచి వచ్చేవాళ్ళకి తెలుగు వచ్చు, సాలూరు సంతల పుణ్యమా అని. కాలేజీ హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసి ఆడించే పరిచయాల ఆటలన్నీ ఈ గంట ముందు దిగదుడుపే.

అక్కడ జాగ్రత్తలు రెండు. మనుషుల్ని, ముఖ్యంగా ఆదివాసీ స్త్రీలని, అడగకుండా ఫోటో తీయకూడదు. తీస్తే ఫోన్ ఆ రోజంతా సీనియర్ దగ్గరే. బేరం ఐదు రూపాయల కోసం సాగదీయకూడదు, తలమీద మోసుకుని కొండ దిగివచ్చిన సరుకు అది.

మధ్యాహ్నం మూడు లోపు మొదటి విడిదికి చేరాలి. సంత దగ్గర్నుంచి బండి దింపాక నడక మూడు, నాలుగు కిలోమీటర్లే. నవంబరు మధ్యలో ఇక్కడ పొద్దుగూకేది 5:20 ప్రాంతంలో, 5:45కి కటిక చీకటి. నాలుగింటికల్లా గుడారాలు నిలబడకపోతే పిల్లలు మొదటి రాత్రే టార్చి వెలుగులో తాళ్ళు తన్నుకుని పడతారు. విడిది గ్రామం అంచున, బోరు దగ్గర, మరుగుదొడ్డి వాడుకోవడానికి ఒప్పుకున్న చోట ఉండాలి. దానికి గ్రామానికి డబ్బు ఇవ్వాలి, ఎంతన్నది ముందే మాట్లాడుకుని అందరి ఎదుట ఇవ్వాలి.

గుడారం దగ్గర ఈ నేల ఒక పాఠం చెబుతుంది. అది లాటరైట్ అనే ఎర్రనేల, పై పొర గట్టి. గుడారంతో వచ్చే సన్నటి అల్యూమినియం మేకులు మూడో దెబ్బకి వంగిపోతాయి. ఎనిమిదంగుళాల ఇనప మేకులు కొని ఉంచుకోవాలి, దిగకపోతే తాడుని పుచ్చకాయంత రాయికి చుట్టి మీద ఇంకో రాయి పెట్టాలి. మేకు తల గుడారానికి అవతలి దిక్కుకి వాలి ఉండాలి, తాడు బిగుతుగా ఉండాలి. గుమ్మం గాలికి ఎదురుగా పెడితే రాత్రంతా తెరచాపలా కొట్టుకుంటుంది. పల్లంలో వేయకూడదు, చల్లగాలి అక్కడికే దిగి నిలుస్తుంది. పొద్దున్న గుడ్డంతా తడిసిందని, కారిందని పిల్లలు అంటారు. కారలేదు, కిటికీలు మూసేసి ముగ్గురు ఊపిరి వదిలారు, అంతే. పైన రంధ్రాలు తెరిచి పడుకోవాలి. చలి మీదనుంచి కాదు కిందనుంచి వస్తుంది, కాబట్టి రెండు దుప్పట్లు ఉంటే ఒకటి కిందకే. దానికింద 8 మిల్లీమీటర్ల ఫోమ్ చాప.

ఇక వంట. వండేది పిల్లలే. జట్టుకి ఒక 5 కిలోల గ్యాస్ సిలిండరు, ఒకే బర్నరు, 10 లీటర్ల కుక్కరు, పెద్ద గిన్నె, గరిటె, కత్తి, పలక. పన్నెండుమందికి రాత్రికి బియ్యం కిలో ఎనిమిది వందల గ్రాములు, పప్పు 600 గ్రాములు, కూరగాయలు రెండు కిలోలు. ఇంట్లో లెక్క కంటే ఇది ఎక్కువ, నడిచినవాళ్ళు ఎక్కువ తింటారు. కందిపప్పు కుక్కరు లేకుండా పెట్టొద్దు. నీళ్ళు ఇక్కడ 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కొండమీదైతే 94, 95కే. మరిగినట్టే కనిపిస్తుంది, గంటైనా పప్పు గుగ్గిళ్ళలా మిగిలిపోతుంది. నానబెట్టిన పెసరపప్పయితే గొడవలేదు.

బర్నరు ఒకటే ఇవ్వడం పిసినారితనం కాదు. రెండిస్తే ఇద్దరు వంటొచ్చినవాళ్ళు చెరొకటీ పట్టుకుని ముగించేస్తారు, మిగతా ఎనిమిదిమంది ఫోన్లు చూస్తారు. ఒకటే ఉంటే ముందు ఏది, తర్వాత ఏది, ఎవరు తరగాలి, నీళ్ళెవరు తేవాలి అని తగువు మొదలవుతుంది. ఆ తగువు కోసమే ఇంత దూరం రావడం. సీనియర్లు పొయ్యి దగ్గర జాగ్రత్త చూస్తారు గానీ రుచి చూసి ఉప్పు చెప్పరు. అన్నం అడుగంటితే అడుగంటిన అన్నమే తింటారు. ఆవకాయ సీసా ఒకటి ఉంచితే ఎంత చెడిన వంటైనా గట్టెక్కుతుంది.

సీనియర్ల సంగతి ఇక్కడే చెప్పాలి. ర్యాగింగ్ మీద యూజీసీ నిబంధనలు 2009 నుంచి ఉన్నాయి, అందరికీ తెలుసు. కొండమీద రాత్రిపూట కొత్తవాళ్ళ మీద ఇద్దరు సీనియర్లకి పెత్తనం ఇస్తున్నాం అన్న సంగతి మాత్రం నిర్వాహకులు మరచిపోతారు. కాబట్టి నియమాలు గట్టిగా ఉండాలి. సీనియర్ చివరన తింటాడు, బరువైన గిన్నె మోస్తాడు, తన గిన్నె తనే కడుగుతాడు. పాట పాడు, డాన్సు చెయ్యి అని అడగడు. ‘సార్, మేడమ్’ అనిపించుకోరు. అన్నా, అక్కా, భాయినా, అపా, ఏది నోటికొస్తే అది. ఏ పనికైనా పిల్లలు ‘వద్దు’ అనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. అమ్మాయిల గుడారాల వైపు రాత్రి అక్కలు, మేడమ్ మాత్రమే వెళ్తారు. బయటికి వెళ్ళాలంటే జంటగా, టార్చి వేసుకుని, బూట్లు దులిపి తొడుక్కుని. కట్లపాము తిరిగేది రాత్రే.

రెండో రోజు, శనివారం

ఉప్మాతో మొదలు. కిలో రవ్వ, మూడు లీటర్లకి కాస్త తక్కువ నీళ్ళు, వేరుశనగ గుళ్ళు. అదే పొయ్యి మీద మధ్యాహ్నానికి పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకోవాలి. పెరుగన్నం, కూరన్నం ఎండలో సంచిలో పాడవుతాయి, చింతపండు పులిహోర ఒంటిగంట దాకా నిక్షేపంలా ఉంటుంది. మనిషికి రెండు పల్లీపట్టీలు, ఒక ఓఆర్‌ఎస్ పొట్లం.

ఈ రోజు ఎనిమిది కిలోమీటర్లు, ఎక్కుడు తక్కువ. ఇప్పుడిప్పుడే నడిచేవాళ్ళ లెక్క ఇది: చదునులో గంటకి 3 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 300 మీటర్లకి అదనంగా ఒక గంట, గంటకోసారి పది నిమిషాల విశ్రాంతి. రోజుకో నాయకుడు పిల్లల్లోంచే. ముందు నడిచేది జట్టులో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి, చివర ఒక సీనియర్. వేగంగా నడిచేవాళ్ళని ముందు పెడితే వాళ్ళు మలుపు దగ్గర కూర్చుని వెనకవాళ్ళు రాగానే లేచి పోతారు. విశ్రాంతి అవసరమైనవాళ్ళకే విశ్రాంతి దొరకదు. ప్రతి ఆగుడులో అంకెల హాజరు, ఒకటి నుంచి పన్నెండు దాకా. ఏ అంకె వినిపించకపోయినా మూడు ఈలలు.

బొబ్బలు మొదటి గంటలోనే పుడతాయి. మడమ మీద వేడిగా అనిపించిన క్షణమే ఆగి, బూటు విప్పి, ఆరబెట్టి, ల్యూకోప్లాస్ట్ ముడతల్లేకుండా అతికించాలి. ‘ఆగితే అందరూ ఆగాలి కదా’ అని మొహమాటపడే పిల్ల సాయంత్రానికి కుంటుతుంది. అందుకని మొదటి అరగంటకే జట్టు మొత్తాన్ని కూర్చోబెట్టి, అందరి చేతా బూట్లు విప్పించాలి. అప్పుడు ఎవరికీ మొహమాటం ఉండదు.

నవంబరులో ఈ దారంతా వలిసె పూలు, కొండవాలు మీద పసుపు ఆరేసినట్టు. ఆ చేలల్లోకి దిగి ఫోటోలు దిగొద్దు. తొక్కిన ప్రతి మొక్కా నూనె గింజల పంట, ఎవరిదో ఏడాది ఆదాయంలో ముక్క.

వాగు కనబడగానే కుర్రాళ్ళు చొక్కాలు విప్పుతారు. ఇక్కడ వాదన లేదు, నీళ్ళలో దిగడం లేదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు, ఎగువన లార్జి డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు. నీళ్ళు నిమిషాల్లో పెరిగాయి. కొరాపుట్ జిల్లాలో కొలాబ్, మాచ్‌ఖండ్ నదుల మీద కూడా జలవిద్యుత్ ప్రాజెక్టులున్నాయి. డ్యామ్ దిగువన నది ఇసుకలో కూర్చుని భోజనం చేయడం కూడా ఈ యాత్రల్లో నిషేధం. దేవమాలి వాగులకి ఎగువన డ్యామ్ లేదు గదా అని కొందరు తెలివిగా అడుగుతారు. నాచు పట్టిన బండ ఉంది, చాలు.

తాగే నీళ్ళు మనిషికి మూడు లీటర్లు, వంటకి మరో లీటరున్నర. జట్టుకి రోజుకి 54 లీటర్లు. గ్రామం బోరు నీళ్ళు తీసుకున్నా, వాగు నీళ్ళు తప్పకపోయినా, గుడ్డలో వడకట్టి బుడబుడా మరిగించాలి, లేదా రేపరు మీద రాసిన లెక్కన క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి. మాత్ర వేసిన వెంటనే తాగేస్తే నీటికి క్లోరిన్ వాసన వస్తుందే తప్ప పని జరగదు. నీళ్ళు తాగుతున్నారో లేదో తెలియాలంటే మూత్రం రంగు అడగాలి. మొదటి రోజు సిగ్గుపడతారు, రెండో రోజుకి పందెం వేసుకుంటారు.

విడిది కొండ పాదం దగ్గర. రాత్రి భోజనమయ్యాక జట్టు అరగంట కూర్చుంటుంది. మూడు ప్రశ్నలే: ఇవాళ ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, రేపు ఏం మారుద్దాం. నీళ్ళు తెచ్చే పని మళ్ళీ ఇద్దరే ఎందుకు చేశారు? ఒడియాలో మాట్లాడుకుంటుంటే తెలుగువాళ్ళు లేచి ఎందుకు పోయారు? ఇలాంటివి. ఇక్కడ నిర్వాహకులు చేసే పెద్ద తప్పు, పిల్లల చేత గుండె విప్పించాలని చూడటం. కొవ్వొత్తి వెలిగించి ‘నీ జీవితంలో పెద్ద బాధ చెప్పు’ అంటే ఒకరు ఏడుస్తారు, పదిమంది ఇబ్బందిపడతారు, ఏడ్చిన మనిషి మర్నాడు ఎవరి కళ్ళలోకీ చూడలేరు. మాటంతా పని మీదే ఉండాలి. చెప్పాలనుకున్నవాళ్ళు గిన్నెలు తోముతూ చెప్పుకుంటారు.

మూడో రోజు, ఆదివారం

శిఖరం మీద గుడారాలు వేసి సూర్యోదయం చూడాలని అందరూ అడుగుతారు. వద్దు. శనివారం రాత్రి పైన కార్లు, పాటలు, సీసాలు. చెట్టు నీడ లేని గడ్డి మైదానం, గాలి ఆగదు, నీళ్ళు లేవు. సెమిలిగుడ కంటే ఐదు డిగ్రీలు తక్కువ, గాలికి ఇంకా తక్కువ అనిపిస్తుంది. పోనీ కిందనుంచి ఎక్కి చూద్దామంటే, సూర్యోదయం ఆరింటికి కాబట్టి చీకట్లో రెండింటికే బయలుదేరాలి, కార్లు తిరిగే రోడ్డు పక్కన, నిద్రమత్తులో నలభైమంది. ఈ నాలుగు రోజుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన గంటలు అవే అవుతాయి, ఒక ఫోటో కోసం.

6:30కి బయలుదేరితే ఆరు కిలోమీటర్లు, ఆరువందల మీటర్ల ఎక్కుడు. నిన్నటి లెక్కన నాలుగు గంటలు, విశ్రాంతులతో పదకొండుకి పైన. పన్నెండైతే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. ఈ గడువు బయలుదేరే ముందు గట్టిగా చెప్పాలి; శిఖరం కనబడుతుండగా చెబితే ఎవరూ వినరు. సంచులు కిందే, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, జాకెట్, తిండి. బండి రోడ్డు మీద సమాంతరంగా నడుస్తుంది. నడవలేనివాళ్ళు అందులో ఎక్కితే ఎవరూ ఒక్క మాట అనకూడదు. బండెక్కిన పిల్ల పైన అందరికీ మజ్జిగ కలిపి సిద్ధంగా ఉంచితే జట్టులోంచి జారిపోదు. పనిచ్చి కూర్చోబెట్టడం ముఖ్యం, జాలిపడటం కాదు.

పైన మంట వేయకూడదు, టీ కూడా కాయకూడదు. వానలు పోయాక గడ్డి ఎండి ఉంటుంది, గాలికి నిప్పు పట్టుకుంటే వాలు మొత్తం పోతుంది. ఉరుము వినిపిస్తే చర్చ లేదు, మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్ఫై లెక్కపెట్టే లోపు శబ్దం వస్తే శిఖరం వదిలి దిగడమే, లేదా బండిలో అద్దాలెత్తి కూర్చోవడం. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ పైకి రాకూడదు.

శిఖరం మీద ఒక్క కార్యక్రమం చాలు. ఒకరికొకరు కనబడేంత దూరంలో, ఒక్కొక్కరే ఇరవై నిమిషాలు, ఫోన్ లేకుండా. తర్వాత జట్టుకి రెండు బస్తాలిచ్చి కనబడిన సీసాలు, పొట్లాలు ఏరించాలి. అవి పైన తొట్టిలో వేయకూడదు, బండిలో సెమిలిగుడ దాకా తేవాలి.

దిగడం ఎక్కడం కంటే కష్టం, మోకాళ్ళకి. చీలమండలు బెణికేది మధ్యాహ్నం రెండు, మూడు మధ్య, అందరూ కబుర్లలో పడ్డాక. బెణికితే బూటు వెంటనే విప్పకుండా నాలుగడుగులు వేయించి చూడాలి. నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక అంచు మీద నొక్కితే నొప్పన్నా ఎక్స్‌రే అవసరం. క్రేప్ బ్యాండేజీ కట్టి బండిలో పంపాలి. పాము కాటైతే కాలుకి కట్టు బిగించడం, కోయడం, పసరు, మంత్రం, ఏవీ వద్దు. కాలు కదలకుండా కర్ర ఆనించి కట్టి, నడిపించకుండా మోసి, 108కి ఫోన్ చేస్తూనే మన బండిలో ఎదురు వెళ్ళాలి. కొరాపుట్‌లో లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఏ మలుపు దగ్గర సిగ్నల్ దొరుకుతుందో ముందే నడిచి చూసి రాసుకున్న కాగితం ప్రతి సీనియర్ దగ్గరా ఉండాలి.

సాయంత్రం గ్రామంలో ఒకరిద్దరు స్త్రీలని అడిగి, డబ్బిచ్చి చోడంబలి కాయించుకోవచ్చు. ఇక్కడివాళ్ళు మాండియా పేజ్ అంటారు. సగంమంది పిల్లలు మొహం చిట్లిస్తారు, నడిచిన ఆకలికి రెండో గ్లాసు అడుగుతారు.

నాలుగో రోజు, సోమవారం

తొందర రోజు. గుడారాలు తడిగా మడిస్తే వారంలో బూజు పట్టి పూత రాలిపోతుంది, ఎండ వచ్చేదాకా ఆగాలి, కుదరకపోతే హాస్టల్ మేడమీద ఆరేయాలి. మేకులు లెక్కపెట్టాలి. విడిది చోట జట్టంతా చేయీ చేయీ పట్టుకునేంత వరసలో నడిచి చెత్త ఏరాలి. గ్రామానికి ఇవ్వాల్సింది ఇచ్చి, సంతకం తీసుకుని, పది గంటలకి బండెక్కాలి. సెమిలిగుడలో ఇడ్లీలు తినేటప్పుడు ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో సీనియర్లు చూసుకోవాలి. జట్లుగా కూర్చుంటే పని జరిగింది. మళ్ళీ రూమ్‌మేట్లుగా, భాషలవారీగా కూర్చుంటే ఏ జట్టులో ఎక్కడ తెగిందో రాసుకోవాలి. ఒక్క మనిషి ఒంటరిగా కూర్చుంటే ఆ పేరు ఆ రాత్రే మెంటర్‌కి చేరాలి.

మూడు వారాల తర్వాత, మొదటి ఇంటర్నల్స్‌కి ముందు, ప్రతి జట్టుకీ హాస్టల్ వంటగదిలో ఒక పూట ఇవ్వాలి. అదే కుక్కరు, అదే ఒక్క పొయ్యి. ఇది మానేసిన కాలేజీల్లో స్నేహాలు సెమిస్టరు సగానికే చెల్లాచెదురవుతాయి.

ఆఖరిది జ్వరం. దోమతెర, ఒడోమాస్ ఎంత వాడినా ఇది మలేరియా నేల. ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం మలేరియా, దోమ కుట్టిన వారం తర్వాత మొదలై రెండు వారాల దాకా, ఒక్కోసారి నెల దాటాక కూడా బయటపడుతుంది. పొదల్లో, గడ్డిలో కూర్చున్నవాళ్ళకి సన్నటి పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం రావచ్చు. చంకలోనో నడుం పట్టీ కిందో చిన్న నల్లటి పెచ్చు కనిపిస్తుంది, నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ చూసుకోరు. అందుకని తిరిగొచ్చిన నెలరోజుల లోపు ఏ జ్వరం వచ్చినా పారాసెటమాల్ మింగి పడుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి. సెలవుకి ఇంటికి వెళ్ళి ఊళ్ళో డాక్టరుకి చూపించుకునేవాళ్ళు, ఆయన అడక్కపోయినా, ఫలానా తేదీల్లో కొరాపుట్ కొండల్లో ఉండి వచ్చామని చెప్పాలి. ఆ తేదీలు రాసిన చీటీ ప్రతి ఒక్కరి ఐడీ కార్డు వెనక బస్సు దిగకముందే పెట్టించాలి.